మూడు గంటల రీడింగు

మాధవరం, చెన్నై
18 జనవరి 1998

మామకు,

ధన్య నమస్కారాలు. ఫోన్ చేద్దామని రెండుసార్లు ఎస్టీడీ బూత్ దాకా వెళ్లాను. బిల్లు చూపించే ఆ ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే చెప్పాల్సిందంతా మరిచిపోతాను. అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

నాకు ఉద్యోగం వచ్చింది. ఏడాది కాంట్రాక్టు. ఆర్కిటెక్చర్ చదివి, మూడేళ్లు ఎవరెవరి ఇళ్లకో మెట్లూ స్నానాలగదులూ గీసిన తర్వాత, ఇది నా పని అని అనిపించింది ఇదే మొదటిసారి. ఊళ్లోని ప్రభుత్వ భవనాల్లో కరెంటు వాడకం తగ్గించడానికి కొత్తగా ఒక చిన్న విభాగం పెట్టారు. పైఅధికారి రంగనాథం గారు, ఇద్దరు ఎలక్ట్రికల్ ఇంజినీర్లు, నేను. అంతే.

అమ్మకు చెబితే, "బిల్డింగులు పొగ వదలతాయా ఏంది? పోయి బస్సుల్ని ఆపమను" అంది. నేను ఓపికగా చెప్పాను. మన ఇంట్లో ఫ్యాను తిరగాలంటే ఊరికి ఉత్తరాన ఎక్కడో బొగ్గు మండాలి. ఆ బొగ్గు నుంచి వచ్చే వాయువు ఆకాశంలో చేరి, ఎండాకాలంలో దుప్పటి కప్పినట్టు భూమిని ఉడకబెడుతున్నది. పోయిన నెల జపాన్‌లో దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నది దాని గురించే. ఊరి కరెంటులో పెద్ద వాటా భవనాలదే. అమ్మ అంతా విని, "మీ మామ ముప్పై ఏళ్లుగా బొగ్గు కాలస్తా ఉండాడు, ఆయనకి రాయి" అంది. అందుకే మీకు రాస్తున్నాను.

నాకు అప్పగించిన మొదటి భవనం తొండియార్‌పేటలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రి. పై అంతస్తులో ఇరవై నాలుగు మంచాల వార్డు. ఎండాకాలం కప్పు కాగి, ఫ్యాను వేస్తే వేడిగాలి మొహాన కొడుతుందట. పుట్టిన బిడ్డలకు ఒళ్లంతా పొక్కులు. దానికి ఆరు ఏసీలు పెట్టాలని ఎప్పుడో నిర్ణయమైంది. నేను వద్దన్నాను. కప్పు మీద పాతకాలపు పద్ధతిలో సున్నం వేసి, పైన తెల్ల పింగాణీ ముక్కలు పరిస్తే ఎండ కప్పులోకి దిగకుండా వెనక్కి పోతుందని చెప్పాను. అక్కడితో ఆగలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు బయటి నీడలో ఎంత వేడి ఉంటుందో, వార్డు లోపల దానికంటే నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుందని అందరి ముందూ అనేశాను.

రంగనాథం గారు మంచివారే, కానీ ఒక్క మాటలో తేల్చేస్తారు. "జూన్ మీటింగుకు నాకు అంకెలు కావాలి. నాలుగు డిగ్రీలు వస్తే నలభై భవనాలకు నీ సున్నమే. రాకపోతే నలభైకీ ఏసీలే" అన్నారు.

రోజూ రీడింగులు తీసుకోవాలి. బాయిలర్ దగ్గర జీవితమంతా అదే పని చేసిన మనిషి మీరు. ఎలా రాయాలో చెప్పండి.

మీ ధన్య


కోయంబత్తూరు
2 ఫిబ్రవరి 1998

చి. ధన్యకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. నిన్న నాగప్పన్ వచ్చాడు. నీకు గుర్తుండకపోవచ్చు, నాతో పాటు మిల్లు పవర్‌హౌస్‌లో చేసినవాడు, ఎడమ కన్ను లేదు. ఆదివారం ఆదివారం వస్తాడు, పేకాడుకుంటాం. నీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను. "మనం కాల్చినదానికి లెక్క చూసేదానికి మన ఇంటి పిల్లే వచ్చింది చూడు" అని నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు దాని గురించే ఆలోచించాను. ఈ ముప్పై ఏళ్లలో మా పొగగొట్టం నుంచి పోయిందంతా ఎక్కడికి పోయిందని నేనెప్పుడూ అడగలేదు. పైకి పోయింది కదా అనుకునేవాడిని.

రీడింగుల గురించి అడిగావు. నాకు తెలిసినది ఇంతే. థర్మామీటరు ఒకే చోట ఉండాలి. గోడకు తగలకూడదు, ఫ్యాను గాలి నేరుగా దాని మీద పడకూడదు. రోజూ అదే సమయానికి చూడాలి. చూసిన వెంటనే, అక్కడే నిలబడి, చెరిపితే పోని సిరాతో రాయాలి. కాగితం ముక్క మీద రాసుకుని తర్వాత పుస్తకంలోకి ఎక్కించే అలవాటు చేసుకోవద్దు. దారిలో అంకె మారిపోతుంది.

ఆ వార్డులో పనిచేసే ఆయాలతో స్నేహం చేసుకో. యంత్రం దగ్గర పగలంతా నిలబడేవాళ్లకు తెలిసినంత ఇంజినీరుకు తెలియదు. ఇది మా అనుభవం.

మీ అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయలేదు నువ్వు.

మామ
గోపాలస్వామి


మాధవరం, చెన్నై
27 ఏప్రిల్ 1998

మామకు నమస్కారాలు.

ఇన్ని రోజులు రాయనందుకు కోప్పడకండి. మార్చి అంతా కప్పు మీదే గడిచింది. నేను తారులా నల్లబడ్డాను. అమ్మ మోకాలు మునుపటిలాగే ఉంది, అమ్మ తిట్లు కూడా.

మేస్త్రి భక్తవత్సలం అని అరవై ఏళ్ల పెద్దాయన దొరికారు. వాళ్ల నాన్న కాలంలో సున్నపు కప్పులు వేసినవాళ్లట. సున్నంలో కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లమూ కలిపి, పది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క బ్యాట్లతో మూడు రోజులు కొట్టారు. ఆ కొట్టుడు చప్పుడుకు బిడ్డలు లేస్తారేమోనని భయపడ్డాను. ఒక్కరూ లేవలేదు. కింద నుంచి ఆయా మునెమ్మ వచ్చి, "కొట్టేది ఆపితేనే లేస్తా ఉండారమ్మా" అంది. మునెమ్మ ఆ వార్డులో ఇరవై రెండేళ్లుగా ఉంది. మీరు చెప్పినట్టే ఆమెతో స్నేహం చేసుకున్నాను. రోజూ నాకు టీ తెచ్చిపెడుతుంది.

సున్నం ఆరాక పైన తెల్ల పింగాణీ ముక్కలు పరిచాం. పగిలిన టీకప్పులూ ప్లేట్లూ టైల్సూ, సౌకార్‌పేట దుకాణాల వెనక గుట్టలుగా పడి ఉన్నవి మూటలు కట్టించి తెచ్చాం. పని పూర్తయిన రోజు మధ్యాహ్నం కప్పు మీదికి వెళితే కళ్లు తెరవలేకపోయాను. ఆ వెలుగంతా ఆకాశంలోకి తిరిగి పోతున్నది. చెప్పుల్లేకుండా నిలబడ్డాను మామా, కాళ్లు కాలలేదు.

ఏప్రిల్ 6 నుంచి 25 వరకు ఇరవై రోజుల రీడింగులు వేరే కాగితం మీద రాసి దీనితో పంపుతున్నాను. మూడు గంటలకు బయట ఎంత, లోపల ఎంత, తేడా ఎంత, అన్నీ ఉన్నాయి. సగటు తేడా సరిగ్గా నాలుగు డిగ్రీలు. రంగనాథం గారు చూసి లేచి నిలబడ్డారు. నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ కాగితం అప్పుడే పైకి పంపించేశారు. జూన్ 10న మీటింగు. నలభై భవనాల జాబితా కూడా టైపు చేయించారు. అందులో బడులు ఉన్నాయి, ఆసుపత్రులు ఉన్నాయి, మన మాధవరం ఆడపిల్లల బడి కూడా ఉంది.

నాగప్పన్ గారికి కూడా చూపించండి.

ధన్య


కోయంబత్తూరు
5 మే 1998

చి. ధన్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన కాగితం రెండూ అందాయి. కప్పు గురించి నువ్వు రాసింది చదువుతుంటే నేనూ ఆ తెల్లదనంలో నిలబడినట్టే ఉంది. నువ్వు చేసింది మంచి పని. ముందు ఆ మాట చెప్పి, తర్వాత ఇంకొకటి చెబుతాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

ఆ కాగితాన్ని నేను నాగప్పన్‌కు చూపించలేదు. మూడుసార్లు చూసి మడిచి పెట్టాను.

ఇరవై రోజుల్లో తేడా అన్నిటికన్నా తక్కువ ఉన్న రోజు మూడు పాయింట్ ఎనిమిది, ఎక్కువ ఉన్న రోజు నాలుగు పాయింట్ రెండు. మిగతావన్నీ ఆ మధ్యనే. బయట ఎండ ముప్పై నాలుగు ఉన్న రోజూ అంతే, ముప్పై తొమ్మిది ఉన్న రోజూ అంతే. ధన్యమ్మా, నేను ముప్పై ఏళ్లు గేజీల మొహం చూసి బతికినవాడిని. ఇంత బుద్ధిగా నడిచే అంకెలు నేనెప్పుడూ చూడలేదు. చూసినప్పుడల్లా అవి మనిషి రాసినవే అయ్యాయి.

నువ్వు రాసిందని నేను అనడం లేదు. అయితే అయి ఉండవచ్చు అంటున్నాను. ఎందుకంటే నేనూ రాశాను.

ఈ సంగతి మీ అత్తకు కూడా తెలియదు. 1984 జూలైలో, పగటి షిఫ్టులో. బాయిలర్ ప్రెషర్ అరగంటకోసారి చూసి పుస్తకంలో రాయాలి. రెండు గంటల రీడింగు నేను చూడలేదు. క్యాంటీన్లో ఎవరో ఏదో నవ్వు మాట చెబుతున్నారు, టీ ఇంకా సగం ఉంది. వచ్చి, ఒంటిగంటన్నరకు ఉన్న అంకెనే రెండు గంటల గడిలో రాసేశాను. ఆ అరగంటలో ప్రెషర్ పెరుగుతూ వచ్చింది. రెండూ పదికి నాగప్పన్ పుస్తకంలోని నా అంకె నమ్మి, నీటిమట్టం చూసే గాజు గొట్టం కడగడానికి కాక్, అంటే దాని కుళాయి, తిప్పాడు. గొట్టం పగిలింది. ఆవిరీ గాజుపెంకులూ మొహం మీదికి వచ్చాయి. కన్ను పోయింది.

విచారణ జరిగింది. పుస్తకంలో రెండు గంటలకు ప్రెషర్ మామూలుగానే ఉంది కాబట్టి కాక్‌ను మొరటుగా తిప్పడమే కారణమని తేల్చారు. నా అంకె చూసే తేల్చారు. నేను ఆ గదిలోనే కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు.

నీది అంత పెద్దది కాదు. ఎవరి కన్నూ పోదు. కానీ నలభై కప్పులు ఆ కాగితం మీద నిలబడబోతున్నాయి. నీ అసలు పుస్తకం ఎక్కడ ఉంది?

మామ


మాధవరం, చెన్నై
12 మే 1998

మామకు,

పుస్తకం నా బీరువాలో ఉంది. కాగితంలోకి ఎక్కించేటప్పుడు తొమ్మిది రోజుల అంకెలు నేనే మార్చాను. మిగతా పదకొండు కొంచెం సర్దాను. థర్మామీటరులో ఏదో తప్పు ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. కొన్ని రోజులు తేడా నాలుగున్నర వచ్చింది, కొన్ని రోజులు ఒక్కటే వచ్చింది. ఎందుకో తెలియలేదు. నాలుగు రాకపోతే నలభై భవనాలకు ఏసీలు వస్తాయి, వాటి కోసం ఏళ్ల తరబడి ఎంత బొగ్గు మండాలో మీకు తెలుసు. నేను నా కోసం మార్చలేదు.

ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుంది. అది పోతే పోనివ్వండి, రంగనాథం గారు ఆ కాగితం మీద సంతకం పెట్టి పైకి పంపారు. ఆయన తల దించుకోవాలి. మంచి పని ఒకటి ఆగిపోతుంది. మీరు పద్నాలుగేళ్లు చెప్పకుండా ఉండి, నన్ను నెల రోజుల్లో చెప్పమంటున్నారు.

ఇంతకంటే రాయలేను.

ధన్య


కోయంబత్తూరు
25 మే 1998

చి. ధన్యకు,

నువ్వు రాసిన ఆఖరి మాటలో తప్పేమీ లేదు. అది చదివాక నీకు చెప్పే అర్హత నాకు లేదనిపించింది. అందుకే పోయిన ఉత్తరంలో అడిగింది వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ఏం చేస్తావో నీ ఇష్టం. నేను చేసింది మాత్రం చెబుతాను.

17వ తేదీ ఆదివారం నాగప్పన్ వచ్చాడు. పేక కలుపుతుంటే ఆపి చెప్పేశాను. క్యాంటీన్, టీ, రెండు గంటల గడి, అన్నీ చెప్పాను. వింటాడు, లేచి కొడతాడు, లేకపోతే వెళ్లిపోతాడు అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

అతను తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "అయితే నా చెయ్యి సరిగ్గానే తిప్పిందా?" అని అడిగాడు.

సరిగ్గానే తిప్పిందని చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

ధన్యా, విచారణలో రాసిన మాటను అతను నమ్మాడు. నేను అతను మరిచిపోయి ఉంటాడని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అతనేమో తప్పు తనదేనని పద్నాలుగేళ్లు మోశాడు. నా ఎదురుగానే కూర్చుని మోశాడు.

పేక అక్కడే వదిలేసి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఇది ఇంటికొచ్చి మా ఆమె ముందర చెప్పు. నేను చెబితే నమ్మదు" అన్నాడు. వెంట వెళ్లాను. ఆమె బియ్యం ఏరుతూ కూర్చుంది. నిలబడే చెప్పాను. చేట కింద పెట్టి అంతా విన్నది. చివరికి అంది:

"కన్ను పోయిందానికి నేను ఏడ్చింది ఒక నెల, అన్నా. ఆ మనిషికి తన చేతి మీద నమ్మకం పోయింది. గ్యాస్ ఆపినాక నన్ను పిలిచి చూడమంటాడు. తలుపుకి తాళమేసినాక దాన్ని లాగి చూడమని నన్ను పిలుస్తాడు. నేను విసుక్కుంటా ఉన్నా, ఇన్ని దినాలుగా."

ఆమె నన్ను తిట్టలేదు. నా వైపు చూడనూ లేదు. అతని వైపే చూస్తూ ఉండిపోయింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

నిన్న ఆదివారం నాగప్పన్ రాలేదు. ఈ రోజు పొద్దున మిల్లు మేనేజరుకు అంతా రాసి ఇచ్చాను. పాత ఫైలు, ఇప్పుడెందుకు స్వామీ అన్నాడు. ఫైల్లో పెట్టాల్సిందేనని కూర్చున్నాను. పెట్టాడు.

మనసు తేలికపడిందని రాయాలని ఉంది. పడలేదు. కానీ నిద్రపోయాను.

మామ


మాధవరం, చెన్నై
14 జూన్ 1998

మామకు నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఆఫీసుకు వెళ్లలేదు. అమ్మకు తలనొప్పి అని చెప్పి, బీరువాలోంచి పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి చూశాను. మార్చిన తొమ్మిది రోజులూ పెన్సిలుతో గుర్తు పెట్టాను. అప్పుడు మొదటిసారిగా వాటిని సిగ్గుపడకుండా, కేవలం అంకెల్లాగా చూడగలిగాను.

తొమ్మిది రోజుల్లోనూ లోపలి వేడి మిగతా రోజుల కంటే ఎక్కువేమీ లేదు. బయటి వేడే తక్కువ. బయట ముప్పై నాలుగు, లోపల ముప్పై మూడు. తేడా ఒకటే. కప్పు పనిచేయలేదని నేను భయపడిన రోజులన్నీ నిజానికి ఊరు చల్లగా ఉన్న రోజులు.

మర్నాడే తొండియార్‌పేట వెళ్లి ఆ తేదీలు మునెమ్మకు చదివాను. ఆమెకు తేదీలతో పనిలేదు. "గాలొచ్చిన దినాలా?" అని అడిగింది. సముద్రపు గాలి ఒంటిగంటకో రెండు గంటలకో వస్తుంది కదా, కొన్ని రోజులు రాదు. "గాలొచ్చిన దినం వరండాలో సుఖంగా ఉంటాది. బిడ్డల్ని ఎత్తుకొని అందరూ ఆడికే వస్తారు. లోపలికి పోతే ఉడికిపోవల్సిందే" అంది. ఎందుకలా అంటే నన్ను వార్డు తూర్పు గోడ దగ్గరికి తీసుకెళ్లి, వరసగా ఉన్న బీరువాల వెనక చెయ్యి పెట్టి తట్టింది. డొల్ల చప్పుడు వచ్చింది. "ఈడ ఏడు కిటికీలు ఉండాయమ్మా. ఎప్పుడో ఏసీ పెడతామని పలకలు కొట్టి మూసేసినారు. ఏసీ రాలేదు, పలకలు ఎవురూ తీయలేదు."

నేను నాలుగు నెలలు ఆ వార్డులో తిరిగాను మామా. పైన కప్పునే చూశాను. గోడ చూడలేదు. ఆ తొమ్మిది అంకెలూ గోడ వైపు చూడమని చెబుతూనే ఉన్నాయి. నేను వాటి నోరు నొక్కాను.

మీటింగుకు రెండు రోజుల ముందు రంగనాథం గారి గదికి వెళ్లి మొదట ఇచ్చిన కాగితం నకలూ అసలు పుస్తకమూ ముందు పెట్టాను. ఏది నేను చూసి రాసింది, ఏది కూర్చుని రాసింది చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా సంతకం ఉంది దీని మీద" అన్నారు. తెలుసు సార్ అన్నాను. "తెలిసే చేశావా?" అని అడిగారు. కిటికీల సంగతి చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేశారు.

మీటింగులో ఆయనే లేచి, ముందు పంపిన అంకెలు తప్పని, అసలువి ఇవని చెప్పారు. నా పేరు ఎత్తలేదు. నేనే లేచి, తప్పు నాదని చెప్పాను. ఎవరో వెనక నుంచి సున్నం కొట్టడం మేస్త్రి పని, దానికి విభాగం ఎందుకు అన్నారు. నలభై భవనాల జాబితా పక్కన పెట్టారు. చివరికి మూడింటికి మాత్రం అనుమతి ఇచ్చారు, అదీ ఏడాది పాటు రీడింగులు చూపిస్తేనే. మిగతావాటికి ఏసీలు ఇంకా ఖాయం చేయలేదు, వద్దనీ అనలేదు. నా కాంట్రాక్టు ఏడాది నుంచి తొమ్మిది నెలలకు తగ్గింది. ఇకపై నేను రాసిన ప్రతి రీడింగు కింద మా ఇంజినీర్లలో ఒకరి సంతకం ఉండాలి.

బయటికి వచ్చాక మెట్ల మీద రంగనాథం గారు, "ఆ కిటికీలు ఎన్ని అన్నావు?" అని అడిగారు. ఏడు అన్నాను. "తీయించు" అని వెళ్లిపోయారు.

నిన్న తీయించాం. భక్తవత్సలం గారే వచ్చి గునపంతో ఒక్కొక్క పలకా ఊడదీశారు. వెనక పాత చెక్క కిటికీలు, పావురాల గూళ్లు. మధ్యాహ్నం పావుతక్కువ రెండుకు గాలి వచ్చింది. మొదట గోడకు వేలాడే చార్టులు కదిలాయి, తర్వాత దుప్పట్లు. ముందు రోజు నుంచి వరండాలోనే పడుకున్న ఒక అమ్మాయి లోపల మంచం ఖాళీగా ఉందా అని అడిగింది. మూడు గంటలకు లోపల ముప్పై ఒకటి.

నేను పోయిన నెల మిమ్మల్ని అన్న మాట అనకుండా ఉండాల్సింది.

ధన్య


కోయంబత్తూరు
5 జూలై 1998

చి. ధన్యకు ఆశీస్సులు.

అనాల్సిన మాటే అన్నావు. దాని గురించి మళ్లీ రాయవద్దు.

మేనేజరు నన్ను పవర్‌హౌస్ నుంచి స్టోర్స్‌కు మార్చాడు. రిటైరయ్యేదాకా నట్లూ బోల్టులూ చూసుకోవాలి. పుస్తకం నా చేతికి ఇవ్వరు. న్యాయమే. నాగప్పన్ విచారణ కాగితాన్ని సరిచేసి, అతని తప్పు లేదని ఒక లెటర్ ఇచ్చారు. ఆ లెటర్‌ను అతను పటం కట్టించి గోడకు పెట్టాడని విన్నాను. నా దగ్గరికి రాలేదు. వస్తాడో రాడో తెలియదు. పోయిన ఆదివారం మార్కెట్‌లో కనబడి, నిలబడి, "ధన్య పాప పని ఏమైంది?" అని అడిగాడు. మూడు భవనాలన్నాను. "మూడు కూడా మూడే కదా" అని వెళ్లిపోయాడు.

ఆ మూడూ ఏవో రాయి. ఈసారి అంకెలు పంపకపోయినా ఫరవాలేదు.

మామ


మాధవరం, చెన్నై
23 ఆగస్టు 1998

మామకు నమస్కారాలు.

మూడింటిలో ఒకటి మన మాధవరం ఆడపిల్లల బడి. కప్పు పని జూలైలోనే ముగిసింది. కిటికీలు ముందే చూశాను, అన్నీ తెరుచుకుంటున్నాయి. ఒకదానికి మాత్రం గడియ లేదు, తాడుతో కట్టారు.

రీడింగులు రాసే పని ఎనిమిదో తరగతికి ఇచ్చాం. ఇది రంగనాథం గారి ఆలోచన. "నువ్వొక్కదానివే చూస్తే నువ్వు అనుకున్నదే కనబడుతుంది. ముప్పై మందిని చూడమను" అన్నారు. ఆయన నాతో మళ్లీ మామూలుగా మాట్లాడుతున్నారు, అంటే ఒక్కొక్క మాటలోనే.

మొదటి రోజు ఆరుగురు అమ్మాయిలు ఒకే థర్మామీటరు చూసి ఐదు రకాల అంకెలు చెప్పారు. ఒకరు పక్క నుంచి చూశారు, ఒకరు బల్ల ఎక్కి చూశారు, ఒకరు ఊపిరి దాని మీదే వదులుతూ చూశారు. ఎవరిది కరెక్టు మిస్ అని గొడవ. అన్నీ రాయమన్నాను. సైన్సు టీచరు నా వైపు అదోలా చూసింది. వారం తిరిగేసరికి వాళ్లే కన్ను ఎక్కడ పెట్టి చూడాలో మాట్లాడుకుని తేల్చుకున్నారు. ఇప్పుడు అందరికీ దాదాపు ఒకే అంకె వస్తున్నది. తేడా కొన్ని రోజులు మూడున్నర, కొన్ని రోజులు ఒకటి. నాలుగు ఒక్క రోజూ రాలేదు. కానీ మధ్యాహ్నం నుంచి ఫ్యాన్లు సగం ఆపేస్తున్నారు. మీటరులో ఆ సంగతి కనబడుతున్నది.

వాళ్ల రీడింగుల కింద వారానికోసారి సంతకం పెట్టేది నేను. మొన్న శుక్రవారం వెళ్లి పుస్తకం తెరిచాను. గురువారం మూడు గంటల గడిలో అంకె లేదు. దాని బదులు గుండ్రటి తమిళ అక్షరాల్లో "పార్కలై" అని ఒక్క మాట ఉంది. చూడలేదు అని. ఆ రోజు వంతు కార్తీక అనే అమ్మాయిది. వాన పడుతుంటే ఆటల్లో పడి మరిచిపోయిందట. టీచరు నా ముందే ఆ అమ్మాయిని పిలిచి, కనీసం బుధవారం ఎంత ఉందో అదైనా రాసి ఉండొచ్చు కదా అని కోప్పడింది.

కార్తీక తల వంచుకుని నిలబడింది. కానీ చెప్పింది: "అది బుధవారంది కదా మిస్. గురువారం నేను చూడలేదు."

టీచరు ఎర్ర పెన్ను తీసి ఆ గడి కొట్టేయబోయింది. నేను పుస్తకం నా వైపు లాక్కుని, ఆ మాట కింద సంతకం పెట్టాను.

ధన్య